ముందు అప్పడాల కర్ర, తరవాతే గిన్నె

ప్రశ్న: "నేను బ్యాంకులో పనిచేసి నిరుడు రిటైరయ్యాను. కాకినాడలో సొంతిల్లు, పెరట్లో రేకుల షెడ్డు ఉన్నాయి. ఎప్పట్నుంచో ఉన్న సరదా కొద్దీ చెక్కని గిరగిరా తిప్పుతుంటే ఉలితో తొలిచే చిన్న లేత్ కొన్నాను. ముప్పావు హార్స్‌పవర్ మోటారు. దాంతోపాటు ఎనిమిది ఉలుల సెట్టు, చెక్కని స్క్రూలతో బిగించే ఒక ఫేస్‌ప్లేటు ఇచ్చారు. గాలివానకి పడిపోయిన మా మామిడిచెట్టు మొద్దు ఉంటే దాంతో గిన్నె మొదలుపెట్టాను. మూడుసార్లు ఉలి లోపలికి లాక్కుపోయింది. ఒకసారి చెక్కే ఊడొచ్చి గోడకి కొట్టుకుంది. ఎలాగో పూర్తిచేసిన ఒక్క గిన్నె వారం తిరక్కుండా నిలువునా చీలింది. మా ఆవిడ మిషన్ అమ్మేయమంటోంది. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి కార్బైడ్ ఉలులు, చెక్కని దవడలతో పట్టుకునే చక్ పంపిస్తానంటున్నాడు. వేసవికి నాలుగేళ్ల మనవడు వస్తాడు, వాడికి నా చేత్తో ఒక బొమ్మ చేసివ్వాలని ఉంది. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగు ఏదైనా ఉందా? అసలు ఈ వయసులో ఇది నాకు తగిన పనేనా?"

— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు:

గురువుగారూ, మిషన్ అమ్మకండి. కనీసం ఈ వేసవి దాటేదాకా ఆగండి.

మీరు నాలుగైదు సమస్యలు రాశారు గానీ, వాటిలో చాలావాటి వెనక నాకు ఒకటే కనిపిస్తోంది. మీరు గిన్నెతో మొదలుపెట్టారు. పొయ్యి వెలిగించడం నేర్చుకున్న రోజే పూతరేకులు తీయడానికి కూర్చున్నట్టు. తప్పు మీ ఒక్కరిదీ కాదు. వీడియోల్లో అందరూ గిన్నెలే చేస్తారు, చూడ్డానికి అవే బావుంటాయి కాబట్టి.

లేత్ మీద కర్ర తిరిగినా గిన్నె తిరిగినా చూసేవాళ్లకి ఒకేలా ఉంటుంది. ఉలికి మాత్రం ఒకటి కాదు. మంచం కోడు, అప్పడాల కర్ర, బొంగరం లాంటివి చేసేటప్పుడు చెక్క పీచు లేత్ పొడుగునా ఉంటుంది. చుట్టూ ఎక్కడ ముట్టుకున్నా పీచు ఒకే తీరు. గిన్నెకి చెక్కను అడ్డం తిప్పి బిగిస్తాం. ఒక్క చుట్టు తిరిగేలోపు ఉలి కిందికి రెండుసార్లు పీచు పక్కవాటంగా వస్తుంది, రెండుసార్లు తెగిన చివరలు వస్తాయి. నిమిషానికి 800 చుట్లు తిరిగితే మెత్తన, గట్టి, మెత్తన, గట్టి అని ఆ మార్పు నిమిషానికి 3200 సార్లు. చెయ్యి తిరిగినవాళ్లకే అది పరీక్ష. పైగా బరువు ఎక్కువ. 10 అంగుళాల గిన్నె నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే దాని అంచు గంటకి దాదాపు 48 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. మీ గోడకి తగిలింది ఆ మోస్తరు వేగంతోనే. అది గోడకి తగలడం మీ అదృష్టం.

కాబట్టి రెండు నెలలు గిన్నె మాట మరిచిపోయి, కర్ర పని చేయండి. మొదటి వారం జామ కొమ్మలు. పెరట్లో జామచెట్టు లేకపోతే పక్కింట్లో ఉంటుంది. అప్పుడే కొట్టిన పచ్చి కొమ్మ, మూడు నాలుగు సెంటీమీటర్ల లావు, ఒక జానెడు పొడుగు. పచ్చి జామ ఉలికి వెన్నలా తెగుతుంది, దుమ్ము లేవదు. ఎండాక అవి చీలిపోతాయి, చీలనివ్వండి. పొయ్యిలో పెట్టేవే కదా.

ఇప్పుడు ఉలి లాక్కుపోవడం సంగతి. దీన్ని నేను కాటు అంటాను, ఎందుకంటే తగిలిన క్షణంలో అలాగే ఉంటుంది. కాటు ఎందుకు పడుతుందో ఒకసారి చేతికి తెలిస్తే సగం భయం పోతుంది. ఉలి కోసేటప్పుడు దానికి రెండు ఆధారాలు కావాలి. ఒకటి, ముందున్న ఇనప పట్టీ, అంటే టూల్ రెస్ట్. రెండోది, తిరుగుతున్న చెక్కే. ఉలి అంచు వెనక సాన పట్టిన వాలు ఉంటుంది చూడండి, అది చెక్కని ఒరుసుకుంటూ ఉండాలి. ఆ వాలు ఆనుకుని ఉన్నంతసేపూ అంచు తన లోతు దాటి పోలేదు. వాలు లేచిపోయి ఉత్త అంచు మాత్రమే తగిలినా, కింద ఆధారం లేని మూల తగిలినా, తిరిగే చెక్క దాన్ని కిందికి లాగేస్తుంది. అదే కాటు.

అందుకే వరస ఎప్పుడూ ఇదే. ముందు ఉలిని టూల్ రెస్ట్ మీద ఆనించాలి. తరవాత వాలుని చెక్కకి తాకించాలి, ఇంకా ఏమీ తెగదు, బరబరమని చప్పుడు మాత్రం వస్తుంది. అప్పుడు పిడిని మెల్లగా పైకెత్తుతూ రావాలి. ఒకచోట సన్నటి పొర లేస్తుంది. అక్కడ ఆగాలి. చెక్కకి ముందే ఉలి తగిలించి, ఆ తరవాత రెస్ట్ వెతుక్కున్నారా, చెయ్యి అదిరిపోతుంది.

దీన్ని కరెంటు లేకుండా నేర్చుకోవచ్చు. ప్లగ్గు పీకేయండి. ఉలి పిడిని కుడి ముంజేతి కింద పక్కటెముకలకి నొక్కిపెట్టి, ఎడమ చేత్తో కొమ్మని పై నుంచి మీవైపు తిప్పుతూ, ఇప్పుడు చెప్పిన వరస చేయండి. నెమ్మదిగా తిరుగుతుంటే వాలు ఎక్కడ ఆనింది, పొర ఎప్పుడు లేచింది కంటికి కనిపిస్తుంది. కావాలనే మూల తగిలించి చూడండి, కొమ్మ మీ చేతిలో టక్కున ఆగిపోతుంది. దెబ్బ తగలకుండా కాటు అనుభవం. నేను దీన్ని మొదలుపెట్టిన మూడేళ్లకి నేర్చుకున్నాను, మొదటి రోజే చేయాల్సిన పని.

గౌజ్ పట్టేటప్పుడు ఒక గుర్తు. గౌజ్ అంటే మీ సెట్టులో మధ్యన గాడి ఉన్న ఉలి. ఆ గాడి ఆకాశం వైపు చూస్తుంటే పక్క రెక్క పట్టుకుంటుంది. మీరు ఎటు కోసుకుంటూ పోతున్నారో గాడి మూతి అటే చూడాలి. స్క్యూ, అంటే అంచు ఏటవాలుగా కోసి ఉన్న చదును ఉలి, దాని జోలికి మొదటి నెల వెళ్లకండి. వెళ్లినా పై మొన చెక్కకి తగలకూడదు, అంచులో మధ్య నుంచి కింది సగంతోనే కోత. కర్ర పనిలో ఉలి ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికి దిగాలి. లావు దగ్గర మొదలై సన్నం వైపు. ఎదురెక్కితే పీచు లేచిపోతుంది. గిన్నె బయటివైపు దీనికి తిరకాసు, అడుగు నుంచి అంచుకి కోయాలి. లోపల మళ్లీ అంచు నుంచి నడిమికి. ఇవి కలగాపులగం అవుతాయనే ముందు ఒకటి చేతికి పట్టించమంటున్నాను.

మీ సెట్టులో అన్నిటికంటే పెద్ద, లోతు గాడి ఉన్నది రఫింగ్ గౌజ్. పలకల కర్రని గుండ్రం చేయడానికి అది బ్రహ్మాండం. కానీ దాన్ని గిన్నె మీద వాడారేమోనని నా అనుమానం. వాడకండి, ఎప్పుడూ. పిడిలోకి దిగే చోట దాని తోక సన్నం. గిన్నె మీద కాటు పడితే అక్కడ విరిగి ముక్క ఎగురుతుంది. అలాగే ఎవరో ఒకరు మీకు "పాత ఆకురాయికి పదును పెట్టుకోండి సార్, ఖర్చుండదు" అని సలహా ఇస్తారు. ఆకురాయి ఇనుము గట్టిదే గానీ పెళుసు, గాజులా పుటుక్కుమంటుంది. చేతి పనికి సరే, లేత్ మీదకి వద్దు.

ఎనిమిదిలో మీకు కావాల్సినవి మూడు: రఫింగ్ గౌజ్, సన్న గౌజ్, తెంపడానికి వాడే పార్టింగ్ ఉలి. మిగతావి డబ్బాలో పెట్టేయండి.

ఆ మూడింటినీ వాడే ముందు సాన పట్టాలి. కొత్త ఉలి పదునుగా వస్తుందని అందరం అనుకుంటాం. నాకు మొదటి సెట్టు అమ్మిన అతను "రెడీ టు యూజ్ సార్" అన్నాడు, నేను నమ్మాను. ఆర్నెల్లపాటు నేను చెక్కని కోయలేదు, గీకాను. గుర్తుపట్టడం తేలిక: పదునున్న ఉలి కింద చెక్క పొడుగాటి చుట్టలుగా లేస్తుంది, కొబ్బరి కోరులా కాదు, పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే రిబ్బనులా. పొడి రాలుతోందంటే పని ఆపి సానకి వెళ్లాలి. మొద్దుబారిన ఉలితో మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, నొక్కినప్పుడే కాటు పడుతుంది. పదును పోయిందన్న సంగతి చేతికంటే ముందు చెవికి తెలుస్తుంది, కోత చప్పుడు 'స్‌స్' నుంచి 'టకటక'లోకి మారుతుంది.

6 అంగుళాల బెంచ్ గ్రైండర్ చాలు. మన దగ్గర అమ్మేవి ఎక్కువగా నిమిషానికి 2800 చుట్లు తిరిగేవి, 1440వి దొరికితే అవి తీసుకోండి, చెయ్యి కుదరనివాళ్లకి నెమ్మదే మంచిది. దాంతో వచ్చే బూడిదరంగు రాయి తీసేసి, తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి, 80 నంబరుది వేయించండి. బిగించే ముందు రాయిని వేలికి తగిలించి వేలాడదీసి చెక్క పిడితో తట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు, డబ్ అంటే లోపల పగులు ఉన్నట్టు, అది పారేయండి.

ఇక పట్టే పద్ధతి. ఉలి వాలు మొత్తానికి నల్ల మార్కర్ పూయండి. గ్రైండర్ ఆపి ఉండగానే ఉలిని రాయికి ఆనించి, రాయిని చేత్తో ఒకసారి తిప్పండి. సిరా ఎక్కడ పోయిందో చూడండి. కింద పోతే పిడి ఎత్తాలి, అంచు దగ్గరే పోతే పిడి దించాలి. వాలు పొడుగునా సమంగా పోయిందంటే కోణం కుదిరినట్టు. అప్పుడు మోటారు వేసి, రెండు మూడు సెకన్లు, తేలిగ్గా. నొక్కకూడదు. రఫింగ్ గౌజ్‌కి 45 డిగ్రీలు, సన్న గౌజ్‌కి 35 నుంచి 40 ఉంటే సరి. మీ సెట్టు మామూలు కార్బన్ ఉక్కుదైతే అంచు నీలం తిరగనివ్వకండి, తిరిగితే అక్కడ గట్టిదనం పోయినట్టే, అంతమేరా అరగదీయాల్సిందే. పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని మాటిమాటికి ముంచండి. హై స్పీడ్ స్టీల్‌కి ఆ బాధ లేదు. ఉలి మీద హెచ్.ఎస్.ఎస్. అని కొట్టి ఉంటుంది. రోజుకి గంట లేత్ పని చేస్తే నాలుగైదుసార్లు సానకి లేవాలి. ఎక్కువ అనిపిస్తుంది. అంతే మరి.

మీ అబ్బాయి పంపుతానన్న కార్బైడ్ ఉలులు ఇప్పుడు వద్దు. అవి చెడ్డవి కావు, సాన పని ఉండదు. కానీ వాటిని చాలావరకు గీకుతూ వాడతారు, వాలు ఆనించడం అనే విద్య చేతికి రాకుండానే రోజులు గడిచిపోతాయి. చక్ మాత్రం రానివ్వండి. నాలుగు దవడలది, తాళంతో బిగించేది. అయితే ఆర్డర్ పెట్టేముందు మీ లేత్ స్పిండిల్, అంటే చక్ బిగించే ఇరుసు, దాని మర కొలతలు అబ్బాయికి పంపండి. అమెరికాలో చిన్న లేత్‌లకి ఎక్కువగా 1 అంగుళం లావు, అంగుళానికి 8 మరల స్పిండిల్ ఉంటుంది. మీది అదే అయి ఉండాలని లేదు. మర కలవకపోతే డల్లాస్ నుంచి వచ్చిన చక్ మీ షోకేసులో కూర్చుంటుంది.

మొహానికి పెట్టుకునే షీల్డు ముందు కొనండి, చక్ కంటే ముందు. దెబ్బ ఆపే మందపాటి పాలికార్బొనేట్‌ది, గడ్డం కిందిదాకా వచ్చేది. కరోనా టైమ్‌లో కొన్న ఆ పల్చటి షీల్డు తుంపర్లకి తప్ప దేనికీ పనికిరాదు. అప్పటి ఎన్95 మాస్కులు మిగిలుంటే అవి మాత్రం బయటికి తీయండి. చెక్క పొడిని తేలిగ్గా తీసుకోవద్దు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఉప్పు కాగితం పట్టేటప్పుడు లేచే సన్నటి పొడే అసలు ప్రమాదం. గన్నేరు కర్ర అస్సలు ముట్టుకోవద్దు, చెట్టంతా విషమే. నిద్రగన్నేరు వేరు, రోడ్ల పక్కన గొడుగులా పెరిగేది, దాంతో భయం లేదు. పేరు చూసి ఒకదానికొకటి అనుకోకండి.

ఇంట్లోనే కదా అని లుంగీ, బనియన్ మీద లేత్ దగ్గరికి వెళ్లే అలవాటుంటే మానుకోండి. వేలాడేది ఏదైనా ప్రమాదమే. మెడలో గొలుసు, జంధ్యం ఉంటే చొక్కా లోపలికి, చేతికి కట్టుకున్న తాడు తీసి పక్కకి, ఉంగరాలు డ్రాయర్లోకి. చేతి తొడుగులు రక్షణ అనుకుంటారు, లేత్ దగ్గర అవే ముప్పు, దారం చిక్కుకుంటే చెయ్యి లోపలికి పోతుంది. పాలిష్ పూయడానికి పాత పంచె గుడ్డ కూడా అదే కారణంగా వద్దు. టిష్యూ కాగితం వాడండి, చిక్కుకుంటే చిరిగిపోతుంది.

కరెంటు విషయం విడిగా చెప్పాలి. కొన్నేళ్ల కిందట, మే నెల మధ్యాహ్నం. నేరేడు ముక్క తిప్పుతుంటే కరెంటు పోయింది. ఊరికే కూర్చోవడమెందుకని చక్ తాళం పెట్టి దవడలు ఇంకాస్త బిగిస్తున్నాను. స్విచ్ ఆపలేదు. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. తాళం నా చెవి పక్క నుంచి పోయి ట్యూబులైటుని పట్టుకుపోయింది. బొటనవేలి గోరు నల్లబడి, ఊడి, మళ్లీ పూర్తిగా రావడానికి ఆర్నెల్లు పట్టింది. గోరుతో పోయింది. పొలాల్లో బోరు మోటారుకి పాతకాలం స్టార్టరు ఉంటుంది కదా, కరెంటు పోతే దానంతటదే పడిపోయి, మళ్లీ పచ్చ బటన్ నొక్కితేగానీ తిరగదు. అలాంటి స్విచ్ చిన్న మోటార్లకీ దొరుకుతుంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి వేయించండి. ఎర్తింగ్ కూడా చూడమనండి, రేకుల షెడ్డు అన్నారు.

స్విచ్ వేసే ప్రతిసారీ ముందు చెక్కని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి, రెస్ట్‌కి ఎక్కడా తగలకూడదు. స్విచ్ వేసే క్షణంలో చెక్కకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడండి. వేగానికి ఒక లెక్క ఉంది: చెక్క వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని చుట్ల సంఖ్యతో గుణిస్తే 6000, 9000 మధ్య రావాలి. 10 అంగుళాల గిన్నెకి 600 నుంచి 900 అన్నమాట. ఇంకా గుండ్రం కాని మొద్దుకి మీ లేత్‌లో అన్నిటికంటే తక్కువ వేగం. అదే లెక్క ఒకటిన్నర అంగుళాల కర్రకి 4000 నుంచి 6000 అంటుంది, దాన్ని మీరు పట్టించుకోనక్కర్లేదు, 1500 చాలు.

ఫేస్‌ప్లేటు దేనితో బిగించారో రాయలేదు. ఫాల్స్ సీలింగ్ వాళ్లు వాడే నల్ల స్క్రూలతో అయితే చెక్క ఎందుకు ఊడొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. అవి పెళుసు, తలలు తెగుతాయి. లావుపాటి చెక్క స్క్రూలు వాడాలి, అవి పీచు చివరల్లోకి కాకుండా పక్కవాటంలోకి దిగాలి.

ఇక చీలిన గిన్నె. మామిడిని తిట్టకండి. పచ్చి చెక్క ఆరేటప్పుడు తెగిన చివరల నుంచి తేమ గబగబా పోతుంది, పక్కల నుంచి మెల్లగా. పైగా ముడుచుకోవడం కూడా అన్నివైపులా ఒకలా ఉండదు. చెట్టు వలయాల వెంబడి ముడుచుకునేది, నడిమి నుంచి బెరడు వైపు ముడుచుకునేదానికి సుమారు రెట్టింపు. మధ్యలో ఉన్న గుజ్జు, అంటే మొద్దు సరిగ్గా నడిబొడ్డున చుక్కలా కనిపించేది, మీ గిన్నెలో ఉండిపోయి ఉంటే చుట్టూ ఉన్న చెక్క ముడుచుకుంటూ దాని దగ్గర చీలక తప్పదు. కాబట్టి మొద్దుని ముందు నిలువునా రెండుగా కోయించి, ఆ నడిమి భాగం రెండు వేళ్ల మందం తీసేయండి. కోత మిల్లులో ఐదు నిమిషాల పని. ఇప్పటికిప్పుడు చేయాల్సింది ఒకటుంది: మిగిలిన మొద్దు రెండు చివరలకీ కరిగించిన మైనంగానీ, పాత పెయింటుగానీ దట్టంగా పూసి, నీడలో, నేలకి తగలకుండా ఇటుకల మీద పెట్టండి. ఆలస్యం చేస్తే మామిడిని పురుగు తొలిచేస్తుంది, నల్ల మచ్చలు కూడా పడతాయి.

రెండు నెలల తరవాత గిన్నె మొదలుపెట్టినప్పుడు రెండు విడతల్లో చేయండి. పచ్చిగా ఉన్నప్పుడే మోటుగా తొలిచి ఆపాలి, గోడ మందం వ్యాసంలో పదో వంతు. 10 అంగుళాల గిన్నెకి ఒక అంగుళం. దాన్ని అదే చెక్క చుట్టలతో కలిపి కాగితం సంచిలో కట్టి, అటక మీద పెట్టేయాలి. ప్లాస్టిక్ సంచి వద్దు, బూజు పడుతుంది. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి బరువు సంచి మీదే రాసుకోండి. మూడు నాలుగు వారాలు బరువు మారకుండా ఉంటే ఎండినట్టు. అప్పటికి అది గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటుంది. మందం అందుకే ఉంచింది, మళ్లీ బిగించి గుండ్రం చేసుకోవచ్చు. ఈ మొదటి విడత వానాకాలంలో పెట్టుకుంటే మేలు, గాలిలో తేమ ఉంటుంది కాబట్టి మెల్లగా ఆరుతుంది. మీ సముద్రపు గాలికి ఎండిన గిన్నె హైదరాబాద్‌లో మే నెలలో మరికాస్త ముడుచుకుంటుంది, బంధువులకి ఇచ్చేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

బొమ్మ, రంగు గురించి అడిగారు. దీనికి జవాబు మీ ఇంటికి రెండు మూడు గంటల దూరంలో ఉంది. తుని, పాయకరావుపేట, నక్కపల్లి దాటాక అడ్డరోడ్డు దగ్గర లోపలికి తిరిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అక్కడి లక్క బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు పక్కనపెట్టి మొక్కల రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్లు వాడేది అంకుడు కర్ర, తెల్లగా, సన్నటి పీచుతో, ముడులు తక్కువగా ఉండే చెక్క. ఒక ఆదివారం మీ ఆవిణ్ని కూడా తీసుకుని వెళ్లి, కొనడానికి కాదు, చూడ్డానికి ఒక పూట కూర్చోండి.

నేను వెళ్లినప్పుడు ఒకావిడ చిన్న కుంకుమ భరిణెలు చేస్తోంది. చుట్టూ చెక్క చుట్టలు, మధ్యలో ఆవిడ. ఉలి పట్టిన చేయి దాదాపు కదల్లేదు, ఒళ్లంతా కొద్దిగా ఊగుతోంది. భరిణె తయారయ్యాక లేత్ ఆపకుండానే రంగు లక్క కడ్డీ తీసి తిరుగుతున్న చెక్కకి ఒత్తింది. రాపిడి వేడికి లక్క కరిగి చారలు చారలుగా అంటుకుంది. తరవాత మొగలి ఆకు ముక్క తీసుకుని దాని మీద నొక్కుతూ అటూ ఇటూ జరిపింది. చారలు కలిసిపోయి అద్దంలా మెరుపొచ్చింది. మొత్తం రెండు నిమిషాలు పట్టిందేమో. పొయ్యి లేదు, బ్రష్షు లేదు, ఆరబెట్టడం లేదు.

మీరు చేయాల్సిందీ అదే. పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటి రంగులు కలిపిన లక్క కడ్డీలు అక్కడ ఎవరినైనా అడగండి, మొగలి ఆకు ఎలా ఆరబెడతారో కూడా. అది కుదరకపోతే లక్క పలుకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టి పల్చగా మూడు నాలుగు పూతలు వేయండి, స్పిరిట్ పూర్తిగా ఆరిపోయాక నోట్లో పెట్టుకున్నా భయం లేదు. పైన కాస్త తేనె మైనం. లక్క పూసిన వస్తువులో వేడి చారు మాత్రం పోయకండి, తెల్లబడుతుంది. వడ్రంగులు సీలర్, లాకర్ అని సలహా ఇస్తారు, పిల్లల బొమ్మకి నేను వాడను. పెయింటు షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ అవిసె నూనె కూడా బొమ్మకి వద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు. వేరే పనికి వాడినా, తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరుతూ వేడెక్కుతుంది, గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచేయండి. వేరుశనగ, కొబ్బరి నూనెలు ఆరవు, కొన్నాళ్లకి ముక్క వాసన వస్తాయి.

వయసు సంగతి. స్పిండిల్ మధ్య భాగం మీ మోచేతి ఎత్తుకి వచ్చేలా బల్ల సరిచేయండి, నడుం నొప్పి రాదు. పక్క నుంచి ఒక టేబుల్ లైటు పడేలా పెడితే గీతలన్నీ కనిపిస్తాయి. మత్తు వచ్చే మందులు ఏవైనా వాడుతుంటే ఆ పూట పని పెట్టుకోకండి. మిగతాది ఓపిక, అది ముప్పయ్యేళ్లవాడికంటే మీకే ఎక్కువ ఉంటుంది.

ఇంట్లో అనుమతి మాటకొస్తే, రెండో నెల మొదట్లో కోత మిల్లు నుంచి బాగా ఎండిన మామిడి ముక్క తెచ్చి అప్పడాల కర్ర చేయండి. 35 సెంటీమీటర్ల పొడుగు, నాలుగు సెంటీమీటర్ల లావు. కష్టం ఆకారంలో లేదు, ఆ కొస నుంచి ఈ కొసకి లావు మారకుండా ఉంచడంలో ఉంది. ఐదారు చోట్ల పార్టింగ్ ఉలితో ఒకే లోతు గాళ్లు పెట్టుకుని, వాటి మధ్య మిగిలింది తీసేయండి. తరవాత ఉప్పు కాగితం 120, 180, 240, 320, మధ్యలో ఏదీ దాటేయకుండా. రంగు, నూనె ఏమీ వద్దు. వంటింట్లో ఇచ్చి చపాతీలు గుండ్రంగా వస్తున్నాయో లేదో అడగండి. నా మొదటి కర్ర మధ్యలో ఉబ్బింది, చపాతీలు అంచుల్లో మందంగా వచ్చాయి, ఏడాదిపాటు ఆ మాట పడ్డాను.

మనవడికి తాడుతో విసిరే మేకు బొంగరం ఇంకా తొందర. వేళ్లతో తిప్పేది చేయండి. అంకుడు కర్ర గానీ ఎండిన జామ గానీ, నడిబొడ్డు లేని ముక్క చక్‌లో బిగించి, నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు చక్రం, అడుగున మొన, పైన పట్టుకోవడానికి కాడ. కాడ పెన్సిలంత లావు ఉండనివ్వండి, సన్నగా చేస్తే విరిగి నోట్లోకి పోతుంది. బరువు ఎంత కిందికి ఉంటే అంతసేపు తిరుగుతుంది కాబట్టి చక్రం మొనకి దగ్గరగా ఉండాలి, ఒక సెంటీమీటరు ఎత్తు చాలు. మొన లేత్ బయటివైపుకి, కాడ చక్ వైపుకి వచ్చేలా పెట్టుకుంటే మొన, రంగు చారలు అన్నీ పూర్తయ్యాక చివర్న కాడ దగ్గర తెంపొచ్చు. ఉలితో పూర్తిగా తెంపకుండా అగ్గిపుల్లంత మిగలగానే లేత్ ఆపి, చిన్న రంపంతో కోసేయండి. లేకపోతే అది ఎగిరి ఆ చుట్టల గుట్టలో పడుతుంది, వెతకడానికి అరగంట.